ఏనుగుగారి మెడలో బెల్లం దండ

ఒక పెద్ద అడవిలో సింహం రాజ్యం చేస్తుండేదని మొదలుపెడతానేమోనని మీరు చూస్తున్నారు. అదేం కుదరదు. ఈ అడవిలో సింహం ఏనాడో రిటైరైపోయి, కొండ అవతల పొద్దస్తమానం నిద్రపోతోంది. ఇప్పుడున్నది పరిషత్తు. పరిషత్తుకి ఒక అధ్యక్షుడు, అధ్యక్షుడికి ఒక కుర్చీ. ఆ కుర్చీలో గజపతయ్య అనే ఏనుగు కూర్చుంటాడు. ఆయన కూర్చున్నాక కుర్చీ ఉందో లేదో ఎవరికీ కనబడదు.

గజపతయ్య చెడ్డవాడేం కాదు. ఆయనకి బెల్లమంటే ప్రాణం, చీమంటే భయం. ఈ రెండూ తెలిస్తే ఆయన గురించి మీకు అంతా తెలిసినట్టే.

ఆయన కింద విద్యాధికారి ఒక నక్క. పేరు కోదండం. కోదండం అబద్ధం ఆడగా ఎవరూ వినలేదు. నిజాన్ని మాత్రం తనకి ఎంత అవసరమో అంతే చెప్పేవాడు.

అడవి బడిలో రెండే కోర్సులు. ఒకటి భజన. పెద్దలు వస్తుంటే ఏ గొంతుతో జై కొట్టాలి, చప్పట్లు ఎక్కడ మొదలెట్టాలి, ఎక్కడ ఆపకూడదు, ఇలాంటివన్నీ నేర్పేవారు. అది చదివితే పరిషత్తులో కొలువు ఖాయం. రెండోది సైన్సు. ఒకప్పుడు బాగానే నడిచింది. తర్వాత పిల్లలు ఒక్కొక్కరే భజనలోకి జారుకున్నారు. చివరికి ఒకే ఒక్క ముంగిస పిల్ల మిగిలింది. పుట్టినప్పుడే అరచేతులు ఎర్రగా ఉన్నాయని వాళ్లమ్మ దానికి గోరింట అని పేరు పెట్టింది.

సైన్సు క్లాసు కొండ కింద గుహలో జరిగేది. నడి వేసవిలో కూడా ఆ గుహ కుండలో నీళ్లలా చల్లగా ఉండేది. అదే దాని ఖర్మ. అధ్యక్షులవారి బెల్లం దిమ్మెలు ఎండకి కరిగిపోతున్నాయి మరి.

"ఏమయ్యా కోదండం, ఒక్క పిల్ల కోసం అంత చల్లటి గుహా?" అన్నాడు గజపతయ్య ఒకరోజు. "క్లాసు మూసేద్దామా?"

"అయ్యయ్యో, అంత మాట అనకండి సార్! మూస్తే జనం నోట్లో పడతాం. చదువు మీద పగబట్టారంటారు. మూయకూడదు, ప్రేరణ ఇవ్వాలి."

"ప్రేరణ ఇస్తే పిల్లలు వచ్చేస్తారు కదయ్యా! గుహ నిండిపోదూ?"

కోదండం నోటికి తోక అడ్డం పెట్టుకుని నవ్వాడు. "తమరు పాపం స్టేజీ మీద కూర్చున్నారే గాని, ఎప్పుడూ స్టేజీ కింద కూర్చోలేదు సార్. అందుకే అలా అంటున్నారు. నాకొదిలేయండి. విజ్ఞాన ప్రేరణ మహోత్సవం అని పెద్ద సభ పెడదాం. సభ ముగిసేలోగా కొత్తగా ఎవరూ చేరలేదనుకోండి, ఇక మన తప్పేముంది? పిల్లలకే ఆసక్తి లేదని ప్రకటిస్తాం. తమరి బెల్లం గుహలోకి, ఆ పిల్ల భజనలోకి."

గజపతయ్యకి ముచ్చటేసి తొండంతో వీపు తట్టాడు. కోదండం బోర్లా పడి, లేచి, దుమ్ము దులుపుకుని థ్యాంక్స్ చెప్పాడు.

పాపం గోరింటకి ఈ రాజకీయాలేవీ తెలీవు. ఆ పిల్లకున్న బెంగల్లా చీమలే.

"మాస్టారూ, ముందు చీమ ఎప్పుడో వెళ్లిపోయింది కదా. చాలాసేపటికి వెనకాల ఇంకోటి వస్తుంది. దానికి ముందుది కనబడనే కనబడదు. అయినా అదే వంకర దారిలో, అదే రాయి పక్క నుంచి తిరిగి పోతుంది. దానికెవరు చెప్పారు?"

సైన్సు మాస్టారు ఒక ముళ్లపంది. తెలీని ప్రశ్న పడితే ఆయన ముళ్లన్నీ లేచి నిలబడేవి. పిల్లలు అది కోపమనుకుని దడుచుకునేవాళ్లు. నిజానికి అది కోపం కాదు, సిగ్గు.

"అది పై క్లాసులో వస్తుందిలే," అన్నారాయన.

"పై క్లాసు ఎక్కడుంది మాస్టారూ?"

అడవిలో పై క్లాసన్నదే లేదు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. లేచిన ముళ్లు ఇంకాస్త బిగుసుకున్నాయి.

"చీమల మాట అటుంచు గోరింటా. పరిషత్తు నుంచి కబురొచ్చింది, రేపు సభ ఉంది. ఆ సభలో కొత్తవాళ్లెవరూ చేరకపోతే మన క్లాసు ఎత్తేస్తారు. నిన్ను భజనలో వేస్తారు."

గోరింట గుడ్లప్పగించి చూసింది. "నాకు గొంతు లేదు మాస్టారూ. మొన్న ఇంట్లో సరదాకి జై కొడితే, నన్నెవరో కరిచారనుకుని మా అమ్మ పరిగెత్తుకొచ్చింది."

"గొంతు అక్కర్లేదమ్మా. ఇష్టం కూడా అక్కర్లేదు."

"మరి చీమల్నెవరు చూస్తారు?"

అలా అడుగుతుంటే ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. మాస్టారు గోడ వైపు తిరిగిపోయారు. చిన్నప్పుడు ఆయనా ఇలాంటివే అడిగేవారు. పై క్లాసులో వస్తుందని ఎవరో పెద్దాయన అంటే నమ్మి, అలా ఎదురుచూస్తూనే మాస్టారైపోయారు. అది గుర్తొచ్చి ఆయనకి చెడ్డ దుఃఖం కలిగింది.

మర్నాడు మహోత్సవం.

పిల్లల్ని తెల్లారగట్లే రమ్మన్నారు. ప్రధాన అతిథి గజపతయ్యగారు ఎండ మాడు పేల్చే వేళకి వచ్చారు. అతిథి ఎంత ఆలస్యంగా వస్తే అంత గొప్పవాడని ఆ అడవిలో ఆచారం. అప్పటికే రెండు కుందేలు పిల్లలు సొమ్మసిల్లి నీడకి చేరాయి.

అతిథిగారికి సన్మానం చేయాలా వద్దా? శాలువా కప్పుదామంటే ఆయన వీపులో ఒక మూలకి కూడా రాదు. పూలదండ వేద్దామంటే వేసినవాడు స్టేజీ దిగేలోపు నమిలేస్తాడు. అందుకని కోదండం బాగా ఆలోచించి, పిల్లలందరి చేతా ఇంటి నుంచి తలో బెల్లం ముక్క తెప్పించి, పెద్ద దండ గుచ్చించాడు. బెల్లమైతే ఇంటికెళ్లి తీరుబడిగా తినాలని దాచుకుంటాడని కోదండం ఎత్తు. గుచ్చేటప్పుడు రాలిన పొడి సభ మైదానమంతా పడింది. తుడవమని ఎవరూ చెప్పలేదు, ఎవరూ తుడవలేదు.

గుమాస్తా కాకి మైకు అందుకుంది. అడవిలో మంచి గొంతులు చాలానే ఉన్నాయి గాని, సీనియారిటీ కాకిది.

ముందుగా పిల్లల ప్రయోగాల ప్రదర్శన. మొదటి బల్ల మీద పెద్ద అగ్నిపర్వతం. మట్టితో కట్టి, ఎర్రరంగు పూసి, పైన పొగ కూడా పెట్టారు. దాని వెనక సిద్దులు అనే కోతి పిల్లాడు, వాడి వెనక వాళ్ల నాన్న.

"ఏం బాబూ, ఇదేంటి?" అన్నాడు కోదండం.

సిద్దులు వెనక్కి తిరిగి నాన్న మొహం చూశాడు.

"అగ్నిపర్వతం సార్!" అన్నాడు నాన్న కోతి. "అంతా వాడే చేశాడు సార్! తిండీ నీళ్లూ మానేసి చేశాడు!"

"నన్ను ముట్టుకోనివ్వలేదండీ," అన్నాడు సిద్దులు.

"చూశారా సార్, ఎంత వినయమో!" అన్నాడు నాన్న. మొదటి బహుమతి ఆ అగ్నిపర్వతానికే వచ్చింది. బహుమతి కూడా నాన్నే అందుకున్నాడు.

తర్వాత చిలుక పిల్లల ప్రశ్నోత్తరాలు. ప్రశ్నలు ముందే ఇచ్చారు, జవాబులు కూడా ముందే ఇచ్చారు. ఒక చిలుక పిల్ల ముందుకొచ్చి, "పండు కిందకే ఎందుకు పడుతుంది భూమికి ఆకర్షణ శక్తి ఉంది కనక ధన్యవాదాలు," అని గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి వెళ్లిపోయింది. భజన కోర్సువాళ్లు చప్పట్లు మొదలెట్టారు. ఎక్కడ ఆపకూడదో అక్కడ ఆపలేదు కూడా.

ఆపైన కోదండం లేచాడు. "పిల్లలూ! సైన్సంటే ప్రశ్న! ప్రశ్నించండి! నన్ను ప్రశ్నించండి! పెద్దల్ని ప్రశ్నించండి! ఎవర్రా అక్కడ మాట్లాడేది? నోర్ముయ్! నించో! ఆ, ఎంతవరకూ వచ్చాం? ప్రశ్నించండి!"

ఆయన అలా చాలాసేపు ప్రేరణ ఇచ్చాక అధ్యక్షులవారు అందుకున్నారు. "చిన్నప్పుడు నేనూ సైంటిస్టునే అవుదామనుకున్నాను. కానీ ఏం చేస్తాం, ప్రజాసేవ పిలిచింది..." అని మొదలుపెట్టి, తన పుట్టుక, తన దంతాలు, తన ఎన్నిక, ఇలా వరసగా చెప్పుకుంటూ పోయారు. ఎండకి మెడలో దండ కరిగి, పాకం బొట్లుబొట్లుగా పొట్ట మీదుగా కారి, స్టేజీ అంచు నుంచి కింద పడుతోంది. పిల్లల్లో సగం మంది నిద్రపోయారు. మిగతా సగం నిద్రపోయినవాళ్లని చూసి అసూయపడుతున్నారు.

కోదండం మైదానమంతా ఒకసారి కలయజూశాడు. సైన్సులో చేరే మొహం ఒక్కటీ లేదు. హమ్మయ్య అనుకుని కాకి చెవిలో, "గుహ కొలతలు తీశావా?" అన్నాడు.

"తీయడమేంటి సార్, సగం దిమ్మెలు చేర్పించేశాను కూడా," అంది కాకి.

అంతా అయిపోయింది. కాకి మైకు పట్టుకుని, "ఎవరికైనా సందేహాలుంటే అడగవచ్చును. ఇప్పుడు వందన సమర్పణ..." అంటుండగా, మైదానంలో ఒక ఎర్రటి అరచెయ్యి లేచింది.

కాకి మైకు దించేసింది. సభల్లో సందేహాలున్నాయా అని అడగడం ఆనవాయితీ గాని, ఉండటం ఆనవాయితీ కాదు. పూర్వం ఎన్నడూ జరగని సంగతి కావడంతో ఇప్పుడేం చేయాలో ఎవరికీ తెలీలేదు.

"చెప్పమ్మా," అన్నాడు గజపతయ్య, ఉపన్యాసం బాగుందని చెబుతుందేమోననుకుని.

గోరింట లేచి నిలబడింది. గట్టిగానే అడిగింది. "ముందు చీమ వెళ్లిపోయాక వెనక చీమకి దారెలా తెలుస్తుందండీ?"

చీమ అన్న మాట వినగానే గజపతయ్య తొండం ముడుచుకున్నాడు. కోదండానికి మాత్రం ఇదీ ఒకందుకు మంచిదే అనిపించింది. మాస్టారు నీళ్లు నములుతాడు, నలుగురిలో పరువు పోతుంది, క్లాసు మూయడం ఇంకా తేలిక. "మాస్టారుగారే చెబుతారు!" అన్నాడు తియ్యగా.

ముళ్లపంది మాస్టారు లేచి నిలబడ్డారు. ముళ్లన్నీ లేచాయి. ముందు వరస పిల్లలు వెనక్కి జరిగారు. పై క్లాసులో వస్తుందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతలో ఆయనకి గోరింట మొహం కనబడింది. రేపటి నుంచి ఈ పిల్ల జై కొట్టడం నేర్చుకోవాలి. ఇంకెప్పుడూ ఎవరినీ ఏమీ అడగదు.

"నాకు తెలీదు," అన్నారు మాస్టారు.

మైదానంలో నిద్రపోతున్న పిల్లలు కూడా లేచి కూర్చున్నారు.

"ఏంటీ? మాస్టారై ఉండి తెలీదా?" అన్నాడు గజపతయ్య.

"నిజంగా తెలీదండీ. ఇన్నేళ్లూ తెలిసినట్టు నటించాను." అలా అంటుంటే ఆయన ముళ్లు ఒక్కొక్కటే వాలిపోయాయి. ప్రాణం హాయిగా ఉన్నట్టుంది. "కానీ చీమలు ఇక్కడే ఉన్నాయిగా గోరింటా? చూస్తే పోలా? పద."

చీమలకేం తక్కువ! రాలిన బెల్లం పొడి కోసం మైదానం మధ్య నుంచి నల్లటి బారు సాగిపోతోంది. మాస్టారు, గోరింట దాని పక్కన గొంతుక్కూర్చున్నారు. ఏం చూస్తున్నారా అని సిద్దులు వచ్చాడు. సిద్దులు ఎందుకెళ్లాడా అని జింక పిల్ల వచ్చింది. ఒక పెద్దాయన తనకి తెలీదని ఒప్పుకోవడం పుట్టి బుద్ధెరిగాక చూడని పిల్లలు, ఆ వింత చూడాలని ఎగబడ్డారు.

జింక పిల్ల గిట్టతో బారు మధ్య నేలని రుద్దేసింది. వచ్చే చీమలు అక్కడికొచ్చి ఠక్కున ఆగాయి. అటూ ఇటూ తడుముకున్నాయి.

"దారి నేల మీదే ఉంది!" అని అరిచింది గోరింట. "ఏదో పూసుకుంటూ పోతున్నాయి!"

"కాదు, గుర్తుపెట్టుకున్నాయి," అంది చిలుక పిల్ల. ఎవరూ రాసివ్వని మాట అది మాట్లాడటం అదే మొదలు.

"పూస్తున్నాయంటే ఆకు మీద కూడా పూస్తాయిగా?" అన్నాడు సిద్దులు. "ఒక ఆకు అడ్డం వేద్దాం. దాని మీద నుంచి నడిచాక ఆకుని పక్కకి తిప్పేద్దాం. గుర్తుంటే పాత వైపే పోతాయి. పూస్తుంటే ఆకు ఎటు తిరిగితే అటు పోతాయి."

మాస్టారికి ఒళ్లు పులకరించింది. "ఆకు నువ్వే పెట్టు నాయనా," అన్నారు. సిద్దులు వాళ్ల నాన్న "నేను పెడతా, నేను పెడతా" అంటూ పరిగెత్తుకొచ్చాడు గాని పిల్లలు లోపలికి రానివ్వలేదు.

టేకు ఆకు ఒకటి బారుకి అడ్డంగా పడింది. చీమలు తటపటాయించాయి. ఒకటి ఎక్కింది. ఇంకోటి ఎక్కింది. కాసేపటికి ఆకు మీద కూడా చక్కగా బారు కట్టాయి. ఇందాక ఎండకి సొమ్మసిల్లిన కుందేలు పిల్లలు ఇప్పుడు అదే ఎండలో నోరు తెరుచుకుని చూస్తున్నాయి.

"తిప్పు," అంది గోరింట.

సిద్దులు ఊపిరి బిగబట్టి ఆకుని మెల్లగా పక్కకి తిప్పాడు. చీమలు ఆకుతో పాటే తిరిగాయి. పాత దారి వంకన్నా చూడకుండా ఆకు మొన ఎటుందో అటే సాగాయి.

"పూస్తున్నాయి! పూస్తున్నాయి!" అని మైదానమంతా ఒకటే కేక.

అంతా బాగానే ఉంది. ఆకు మొన ఎటుందన్నది మాత్రం ఎవరూ చూసుకోలేదు. అది స్టేజీ వైపుంది. మొన దగ్గర చీమలు కాస్త వెతుక్కున్నాయి. ఒక గడుగ్గాయికి స్టేజీ అంచున పాకం చుక్క తగిలింది. ఆ పాకం వెంబడి పైకెక్కితే పొట్ట తగిలింది. పొట్ట మీదుగా పైకెక్కితే, ఓరి నాయనో, బెల్లం కొండే తగిలింది. ఇక వెనకవాళ్లకి ఎవరూ చెప్పక్కర్లేదు. దారి పూసే ఉంది.

గజపతయ్య అప్పుడు, పిల్లలంతా లేచి తన ఉపన్యాసానికే కేరింతలు కొడుతున్నారనుకుని తొండమెత్తి అభివాదం చేస్తున్నాడు. ఆ ఎత్తిన తొండంలోకి మొదటి చీమ దూరింది.

ఆ తర్వాత ఆయన తుమ్మిన తుమ్ముకి మైకు ఎగిరిపోయింది, కాకి ఎగిరిపోయింది. రెండో తుమ్ముకి స్టేజీ కూలింది. కోదండం వెళ్లి మొదటి బహుమతి వచ్చిన అగ్నిపర్వతంలో తలకిందులుగా పడ్డాడు. అధ్యక్షులవారు బెల్లం దండ తెంపి అవతల పారేసి, మడుగు వైపు లగెత్తారు.

పిల్లలు కడుపుబ్బ నవ్వారు. నవ్వు ఆగాక జింక పిల్ల అంది: "మళ్లీ చేద్దాం. ఈసారి ఆకుని అటు తిప్పుదాం!"

"ఇంకా చేయాలంటే సైన్సులో చేరాలి," అంది గోరింట. "లేకపోతే క్లాసు ఉండదు. నాకు కూడా ఉండదు."

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. అంతే, మైదానం ఖాళీ అయిపోయింది. అందరూ గుహ వైపు పరుగు.

"ఆగండి! చెల్లదు! సభ ముగిసిపోయింది!" అంటూ అగ్నిపర్వతంలోంచి కోదండం తల బయటపెట్టాడు.

"వందన సమర్పణ కాలేదు కదండీ," అన్నారు మాస్టారు నెమ్మదిగా. వందన సమర్పణ కాకుండా సభ ముగియదని ఆ అడవిలో నియమం. ఆ నియమం పెట్టింది కోదండమే. వందనాలు చెప్పాల్సిన కాకి అప్పటికి కొండ దాటిపోయింది.

మర్నాడు పరిషత్తులో పంచాయితీ పెట్టారు. గజపతయ్య తొండం గుమ్మడికాయంత వాచిపోయి ఉంది. "ఏమయ్యా కోదండం, ఒక్క పిల్లా చేరదన్నావు. అడవంతా చేరిపోయింది. ఏంటిది?" అని గద్దించాడు.

కోదండం కన్ను కూడా వాచింది గాని బుర్ర వాచలేదు. "అంతా తమరి ఉపన్యాసం మహత్తు సార్! అంత ప్రేరణ ఇస్తారని నేను మాత్రం కలగన్నానా?"

గజపతయ్య కాసేపు ఆలోచించి, నిజమే అయ్యుంటుందని ఒప్పుకున్నాడు. "సరే, క్లాసు సంగతి అలా ఉంచు. ఆ గుహలో నా బెల్లం..."

"ఇప్పుడక్కడ పిల్లలు చీమల్ని పెంచుతున్నారు సార్."

గజపతయ్య తొండం చప్పున నోట్లో దోపుకున్నాడు. "గుహా వద్దు, ఆ బెల్లమూ వద్దు! వాళ్లనే ఉంచుకోమను!"

అలా క్లాసు నిలబడింది. ఆ ఏటికి ఉత్తమ ప్రేరణ పురస్కారం కోదండానికి ఇచ్చారు. పురస్కారం అందుకున్న చేత్తోనే ఆయన ఒక ఉత్తర్వు జారీ చేశాడు: అడవిలో ఎవరూ ఆకులు తిప్పరాదు. ఆ ఉత్తర్వు వచ్చిన వారంలో అడవిలో తిప్పని ఆకు మిగల్లేదు. దాంతో ఇక ముందు ఏ సభలోనూ సందేహాలున్నాయా అని అడగరాదని ఇంకో ఉత్తర్వు ఇచ్చాడు. ఈ రెండోది ఇప్పటికీ చక్కగా అమలవుతోంది.

గుహలో ఇప్పుడు కాలు పెట్టే చోటు లేదు. మొన్న గోరింట వెనక వరస నుంచి చెయ్యెత్తింది. "మాస్టారూ, ఏనుగుగారు తుమ్మినప్పుడు చీమలు అంత దూరం పోయి పడ్డాయి కదా. అక్కడ వాటి దారేమీ లేదు. మరి ఇంటికెలా వెళ్లాయి?"

మాస్టారి ముళ్లు ఒక్కటీ లేవలేదు. "తెలీదమ్మా, పదండి," అంటూ చేతికర్ర తీసుకుని అందరికంటే ముందు ఆయనే బయటికి నడిచారు.

నీతి: పిల్లలకి సైన్సు మీద మక్కువ కలగాలంటే, మాస్టారికి జవాబు తెలియకపోయినా ఫరవాలేదు గాని, ప్రధాన అతిథికి మాత్రం బెల్లం దండే వేయాలి.